బోదకాలు గోళీ వెనక మన తెలుగాయన: యల్లాప్రగడ సుబ్బారావు



ఇంటింటికీ బోదకాలు గోళీలు పంచిన రోజులు మన పేటల్లో పెద్దవాళ్లందరికీ గుర్తే. ఈ రోగాన్ని పక్కింటి మరాఠీవాళ్లు హత్తీరోగ్ అంటారు. మహారాష్ట్రలో ఈ రోగం ఉన్న జిల్లాల లిస్టులో మన సోలాపూర్ జిల్లా పేరు కూడా ఉంది. ఆశా తాయి గడప ముందు నిలబడి వయసు అడుగుతుంది, గోళీలు లెక్కపెట్టి చేతిలో పెడుతుంది, తన ముందే మింగమంటుంది. కొందరం మింగినం. కొందరం అన్నం తిన్నాక వేసుకుంటమని చెప్పి అల్మారీలో పెట్టి మర్చిపోయినం. ఇంకొన్ని గోళీలు నేరుగా గటార్లోకి పోయినై. కాలు వాచలేదు, జ్వరం లేదు, ఒంట్లో ఏ బాధా లేదు, మరి మందు ఎందుకు అని చాలామంది అనుమానం.

ఆ అనుమానం తప్పు కాదు. దానికి జవాబు మాత్రం కాలు చూస్తే దొరకదు. ఆ జవాబు దొరికింది ఎలుకల ఛాతీలో, కుక్కల గుండెలో. ఆ ఎలుకల మీద, కుక్కల మీద మందును పరీక్షించిన ప్రయోగశాలకు పెద్దగా ఉన్నాయన మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినాయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. జనవరి 12 ఆయన పుట్టినరోజు. ఆయన కథ, ఆ గోళీ కథ రెండూ కలిపి చదవండి.

మూడోసారి పాసైన అబ్బాయి

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లా. అప్పట్లో ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే.

చదువు మీద ఈ అబ్బాయికి మొదట్లో ఏమంత ధ్యాస లేదు. పదమూడేళ్ల వయసులో డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడని, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనవంతుడు కావాలనుకున్నాడని ఆయన జీవిత చరిత్రలో ఉంది. తల్లి పట్టుకొచ్చి మళ్లీ బడికి పంపింది. రాజమండ్రిలో చదివాడు, మెట్రిక్ తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు.

పదో తరగతి పిల్లలూ, ఈ ముక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మన పేటల్లో పది తప్పిన పిల్లాడు మరుసటి వారం సాంచ మీదికి పోతాడు, తప్పిన పిల్ల బీడీల చాట ముందు కూర్చుంటుంది. ఆ పని తక్కువదని కాదు, మన ఇళ్లు నడిచేది ఆ పని మీదనే. అయితే ఒక్కసారి తప్పిన పరీక్ష జీవితకాలం తీర్పు కాదు. రెండుసార్లు తప్పిన ఈ అబ్బాయి చేసిన పనులు ఇవ్వాళ మీ సైన్సు పుస్తకంలో ఉన్నాయి. అది ఎట్లనో ముందుకు చదవండి.

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మఠంలో చేరదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరైతే కూడా జనానికి సేవ చేయవచ్చు కదా అన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువు ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చేయి కలిపారు.

అది గాంధీగారి పిలుపుతో దేశమంతా విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు గారు కూడా ఖద్దరు కట్టారు, ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే. సర్జరీ నేర్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. మగ్గం మీద పుట్టిన గుడ్డ కోసం డిగ్రీ పోగొట్టుకున్నాడంటే, నేసే ఇంటి పిల్లలుగా మనకు ఆ మాట ఇంకొంచెం దగ్గరగా తాకుతుంది.

రోగం ఇంటిదాకా వచ్చింది

ఈయన రోగాల మీద పరిశోధన వైపు తిరగడానికి కారణం పుస్తకం కాదు, ఇల్లు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో ఆయన బతికి బయటపడ్డారు. తర్వాత మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. కళ్ల ముందే ఇంట్లోవాళ్లు పోతుంటే డాక్టరు చదివినా ఏమీ చేయలేకపోయాననే బాధ ఆయన్ని వదల్లేదు.

వేడి దేశాల రోగాల గురించి చదవడానికి అమెరికా పోవాలనుకున్నారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేశాయి. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు తక్కువ, డిగ్రీ చిన్నది. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి పొట్ట పోసుకున్నారు.

భార్య ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ మొహం తండ్రి చూడనే లేదు. కొన్నేళ్లలో తిరిగి వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేదు. శేషగిరి గారు జీవితమంతా ఎదురుచూపుల్లోనే గడిపారు. గొప్పవాళ్ల కథల్లో ఇట్లాంటి మాటలు ఒక్క వాక్యంలో దాటిపోతాయి. భర్త బొంబాయికో, సూరత్‌కో పనికి పోతే ఇల్లు ఎట్ల ఉంటుందో తెలిసిన మన ఇళ్లలో మాత్రం ఇది చిన్న మాట కాదు. ఆ గోళీ వెనక ఈమె ఋణం కూడా ఉంది.

హార్వర్డ్‌లో ఆయన సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో పనిచేశారు. 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి అచ్చు వేయించారు. తర్వాత చాలా కాలం ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అదే నడిచింది. కండరాల్లో శక్తి నిలవ ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలికి తీశారు. మీ జీవశాస్త్రం పుస్తకంలో కణానికి శక్తినిచ్చేది ఏటీపీ అని చదువుతారే, అదే ఇది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

దారం లాంటి పురుగు

ఇక మన గోళీ సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ మహాసముద్రం దీవుల్లో ఉన్న అమెరికా సైనికులు వేలమందికి ఫైలేరియా సోకింది. కాళ్లు చేతులు వాపు, గజ్జల్లో నొప్పి. మన దేశంలో ఎన్నో తరాల నుంచి ఉన్న రోగమే, కాని సైనికులకు వచ్చేసరికి మందు కోసం వెతుకులాట గట్టిగా మొదలైంది. అప్పటిదాకా వాడి చూసిన మందులు అంటిమొనీ, ఆర్సెనిక్ లాంటి లోహాలతో చేసినవి. సూదితో ఎక్కించాలి. పురుగుతో పాటు రోగిని కూడా దెబ్బతీసేవి.

ఫైలేరియా అనే పేరు లాటిన్ భాషలో దారం అనే మాట నుంచి వచ్చింది. పేరుకు తగ్గట్టే ఉంటుంది ఆ పురుగు. బోదకాలు తెచ్చే ఆడ పురుగు మూడు నాలుగు అంగుళాల పొడవు, నూలు పోగంత సన్నం. అది మన ఒంట్లో లింఫ్ నాళాల్లో కాపురం పెడుతుంది. లింఫ్ అంటే రక్తం నుంచి ఊరి కండరాల మధ్యకు వచ్చే నీరు. ఆ నీటిని తిరిగి రక్తంలోకి చేర్చేవి ఈ నాళాలు. ఒంట్లోని గటార్లు అనుకోండి. పురుగులు అందులో కూర్చుంటే నాళం వెడల్పై పాడవుతుంది, నీరు నిలుస్తుంది. ఏళ్లు గడిచాక కాలు, చేయి వాస్తుంది, మగవాళ్లలో వరిబీజం వస్తుంది. పురుగు చాలాసార్లు చిన్నతనంలోనే చేరుతుంది, వాపు కనబడేది మాత్రం పెద్దయ్యాకే.

ఆడ పురుగు కనే పిల్లలు కంటికి కనబడవు. వాటిని మైక్రోఫైలేరియా అంటారు. పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు. పగలు అవి ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లో దాక్కుంటాయి, రాత్రి బయటి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. అందుకే ఆరోగ్యశాఖ వాళ్లు రాత్రిపూట వచ్చి వేలి మీద గుచ్చి రక్తం తీసుకునేది. మనల్ని సతాయించడానికి కాదు.

ఎలుక ఛాతీలో, కుక్క గుండెలో

మనిషి ఛాతీ కోసి పురుగును చూడలేం. లింఫ్ నాళంలో ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టలేం. అందుకని ఇట్లాంటి పురుగే ఉన్న జంతువు కావాలి. అమెరికా దక్షిణ ప్రాంతంలో పత్తి చేలల్లో తిరిగే ఒక ఎలుక ఉంది. పత్తిని పీక్కొచ్చి గూడు కట్టుకుంటుంది కాబట్టి దానికి పత్తి ఎలుక అని పేరు. ఆ ఎలుకలకు సహజంగానే ఒక రకం ఫైలేరియా ఉంటుంది. దాన్ని మోసేది దోమ కాదు, ఎలుక ఒంటి మీద పాకే సన్నటి పురుగు, గోమారి జాతిది. అది కరిచినప్పుడు పురుగు పిల్ల ఎలుక ఒంట్లోకి దిగుతుంది, ఛాతీ వైపు పోయి ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో పెరిగి పెద్దదవుతుంది.

ఇక్కడే అసలు విషయం. పురుగు సోకిన ఎలుక చాలాసార్లు బయటికి బాగానే ఉంటుంది. తింటుంది, ఉరుకుతుంది. ఛాతీ తెరిస్తే మాత్రం లోపల తెల్లటి దారాలు ఉండలు చుట్టుకొని కనబడతాయి, బాబిన్ మీది నూలు చిక్కుపడ్డట్టు. ఊపిరితిత్తుల మీది పల్చటి పొర ఉండాల్సిన తీరులో ఉండదు. వాచి, మందమై, గరుకవుతుంది. అక్కడ నీరు చేరుతుంది. చచ్చిన పురుగు చుట్టూ శరీరం గోడ కట్టుకుంటుంది, అది గట్టి ముడిగా మిగిలిపోతుంది. రక్తంలో తిరిగే పురుగు పిల్లలతో కొట్లాడే పని ప్లీహం మీద పడుతుంది, అది ఉబ్బుతుంది. ఇవన్నీ లోపల జరుగుతుంటే పైన వెంట్రుక కూడా చెదరదు.

కుక్కల్లో ఇంకో రకం పురుగు ఉంటుంది. అది దోమ ద్వారానే వస్తుంది, చేరేది గుండె కుడి భాగంలోకి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోయే ధమనిలోకి. ఆడ పురుగు దాదాపు అడుగు పొడవు ఉంటుంది. ధమని లోపలి పొర దెబ్బతిని గరుకై మందమవుతుంది, రక్తం నెట్టడానికి గుండె కుడి వైపు ఎక్కువ కష్టపడాలి, దానితో అది పెద్దదవుతుంది. గుండె అలిసిపోతే రక్తం వెనక్కి తన్ని కాలేయంలో నిలుస్తుంది, కాలేయం ఉబ్బుతుంది, కడుపులో నీరు చేరుతుంది. అంటే పురుగు ఒక చోట కూర్చుంటే దెబ్బ మూడు అవయవాలకు తగిలింది. ఈ కుక్క కూడా మొదట్లో మామూలుగానే కనబడుతుంది. దగ్గు, ఆయాసం వచ్చేసరికి పురుగు ఎప్పుడో ఇల్లు కట్టుకొని ఉంటుంది.

లెడర్లీలో సుబ్బారావు గారి కింద రెజినాల్డ్ హెవిట్, ఇంకొందరు శాస్త్రవేత్తలు ఈ ఎలుకల మీద, కుక్కల మీద కొత్త రసాయనాలు ఒక్కొక్కటీ పరీక్షించారు. రసాయనం ఇస్తారు. ముందూ తర్వాతా రక్తంలో పురుగు పిల్లల్ని సూక్ష్మదర్శినిలో లెక్కపెడతారు. తర్వాత జంతువును కోసి పెద్ద పురుగులు చచ్చినవా, బతికినవా చూస్తారు. పనికిరాకపోతే ఇంకో రసాయనం. ఓపికతో చేసే పని ఇది, ఒక్క పోగు తెగినా మళ్లీ మొదటికొచ్చి ముడేసే పనిలాంటిది.

పైపరజైన్ అనే రసాయనం నుంచి తయారైన ఒకటి తేలింది. నోటితో ఇస్తే చాలు, సూది అక్కర్లేదు. రక్తంలో ఉన్న పురుగు పిల్లలు చూస్తుండగానే తగ్గిపోయాయి. అదే డైఇథైల్‌కార్బమజైన్, పొట్టిగా డీఈసీ. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. పత్తి ఎలుకల్లో, కుక్కల్లో ఇది ఎట్ల పనిచేసిందో 1947లో ప్రకటించారు. ఆ వ్యాసం రాసినవాళ్ల పేర్లలో సుబ్బారావు పేరు కూడా ఉంది. అదే ఏడు ప్యూర్టో రికో దీవిలో రోగులకు ఇచ్చి చూశారు. మనుషుల రక్తంలో కూడా పురుగు పిల్లలు మాయమయ్యాయి.

ఆ ఎలుకలు, కుక్కలు తమంతట తాము ఒప్పుకొని వచ్చినవి కావు. వాటి ప్రాణం మీద మనకు ఈ తెలివి వచ్చింది. ఇవ్వాళ జంతువుల మీద పరీక్షలకు కట్టుబాట్లు పెరిగినై, అది మంచిదే. వాటిని చంపి సంపాదించిన మందును గటార్లో వేయడం మాత్రం ఆ మూగజీవాలకు మనం చేసే ఇంకో అన్యాయం.

గోళీ వేసుకుంటే జ్వరం ఎందుకొస్తది?

చాలా ఇళ్లలో గోళీ మానేయడానికి చెప్పే కారణం ఇదే. పోయినసారి వేసుకుంటే జ్వరమొచ్చింది, తల తిరిగింది, కాబట్టి ఈ మందు మంచిది కాదు. దీనికీ జవాబు పత్తి ఎలుకే చెప్పింది.

లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరు మీరు విని ఉంటారు, ఆయన తండ్రే ఈయన. డీఈసీ ఎట్ల పనిచేస్తుందో ఆయన, ఆయన తోటివాళ్లు పత్తి ఎలుకల్లో వెతికారు. చిత్రమైన సంగతి బయటపడింది. గాజు గొట్టంలో పురుగు పిల్లల్ని వేసి మందు పోస్తే అవి చావలేదు. అదే మందు ఎలుకకు ఇస్తే నిమిషాల్లో రక్తం నుంచి మాయం. ఎక్కడికి పోయినై? కాలేయంలోకి. అక్కడి సన్నటి రక్తపు దారుల్లో అవి ఇరుక్కున్నాయి. కాలేయంలో కాపలా ఉండే కణాలు వాటిని చుట్టుముట్టి తినేశాయి. అంటే మందు పురుగును చంపే కత్తి కాదు, దాక్కున్న దొంగను శరీరానికి పట్టించే మందు. చంపేది మన శరీరమే.

ఇప్పుడు జ్వరం సంగతి అర్థమైంది కదా. రక్తంలో పురుగు పిల్లలు ఎక్కువ ఉన్నవాళ్లలో అవి ఒక్కసారిగా చస్తాయి, శరీరం వాటి మీద పడుతుంది, దాని వల్ల జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతి వచ్చినట్టు ఉండడం జరగవచ్చు. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. పురుగు లేనివాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. అట్లని జ్వరాన్ని ఊరికే వదిలేయకండి, ఆశా తాయికో దవాఖానాలోనో చెప్పండి.

ఇంకో మాట. పురుగు పిల్లలు త్వరగా పోతాయి కాని పెద్ద పురుగులు మొండివి. అవి ఒంట్లో ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బతుకుతాయి, మళ్లీ పిల్లల్ని పెడతాయి. అందుకే గోళీ ఒక్క ఏడుతో అయిపోదు, ఏటా పంచాల్సి వస్తుంది. ఊళ్లో ఎక్కువమంది మింగితేనే దోమకు రక్తంలో పురుగు దొరకదు, గొలుసు తెగుతుంది. నేను ఒక్కణ్ణి మానేస్తే ఏమైతది అని ప్రతి ఇల్లూ అనుకుంటే గొలుసు అట్లనే ఉంటుంది.

పేరు కంటే పని ముందు నడిచింది

లెడర్లీలో సుబ్బారావు గారి కాలంలోనే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేయడం 1945లో సాధ్యమైంది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు వాడే మందుల్లో అదీ ఒకటి. గర్భిణులకు దవాఖానాలో ఇచ్చే ఎర్ర గోళీలో ఇనుముతో పాటు ఉండేది కూడా అదే. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ కూడా అక్కడే తయారైంది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి చూశారు, కొంతమందిలో రోగం కొంతకాలం వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కు మందులతో వైద్యం చేయవచ్చని జనం నమ్మడం అక్కడి నుంచే మొదలైంది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది కూడా ఈయన నడిపిన విభాగంలోనే.

ఇన్ని చేసినా పేపర్లలో ఆయన పేరు పెద్దగా రాలేదు. తన కింద పనిచేసినవాళ్లను ముందుకు నెట్టి, తాను వెనక ఉండిపోయేవారు. 1948 ఆగస్టు 8 రాత్రి పడుకున్న మనిషి నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికి తిరిగి రాలేదు. స్వతంత్రం వచ్చిన భారతదేశాన్ని కళ్లతో చూడలేదు. మన ప్రభుత్వం 1995లో, ఆయన పుట్టి వందేళ్లు నిండిన ఏడు, ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. ఒక బూజు జాతికి శాస్త్రవేత్తలు సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆయన పోయాక గోళీ మాత్రం ప్రయాణం ఆపలేదు. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. అందరికీ ఒకేసారి గోళీలు పంచే పని 2004 నుంచి పెద్ద ఎత్తున సాగింది, తర్వాత దానికి ఆల్బెండజోల్ కలిపారు. చైనాలో డీఈసీ గోళీలతో పాటు ఉప్పులో కూడా ఈ మందు కలిపి జనానికి ఇచ్చారు. 2007 నాటికి అక్కడ ఈ రోగం సమస్యగా లేకుండా పోయింది. 2016లో శ్రీలంక కూడా ఆ గట్టు చేరింది. వాళ్ల దోమ, మన దోమ వేరు కాదు. వాళ్లకు అయినది మనకూ అవుతుంది.

మన ఇళ్లలో చేయాల్సింది

గోళీల పంపకం ఎప్పుడు జరిగినా ఈ మాటలు ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా చదవలేని అవ్వ తాతలకు.

గోళీ ఖాళీ కడుపున వేసుకోవద్దు, ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. 100 మిల్లీగ్రాముల డీఈసీ గోళీ 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు 1, 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు 2, 15 ఏళ్లు దాటినవాళ్లకు 3. దానితో ఆల్బెండజోల్ ఒకటి. కొన్నిచోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా ఇస్తారు, అది మనిషి ఎత్తు కొలిచి ఇస్తారు. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు ఇవ్వరు. అనుమానం ఉంటే ఇచ్చేవాళ్లనే అడగండి. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకునే నాన్నల గోళీలు అల్మారీలో ఉండిపోతున్నాయి. వాళ్లు లేచి తిన్నాక వేసుకున్నారా లేదా చూసే బాధ్యత పిల్లలు తీసుకోండి.

క్యూలెక్స్ దోమ పుట్టేది మురికి నీళ్లలో. ఇంటి ముందు గటారు నిండి నిలిస్తే వార్డు ఆఫీసుకు చెప్పండి, సండాసు ట్యాంకు గొట్టానికి జాలి కట్టండి, రాత్రి దోమతెర వేసుకోండి. ఇప్పటికే కాలు వాచినవాళ్లు ఉంటే సిగ్గుపడి దాచవద్దు. రోజూ సబ్బుతో కడిగి, తుడిచి ఆరబెట్టి, పుండు కాకుండా చూసుకుంటే వాపు ముదరకుండా ఉంటుంది. అట్లాంటి వాళ్లను చూసి నవ్వే పిల్లలు మన బడిలో ఉండకూడదు.

కాలు బాగానే ఉంది కదా, గోళీ ఎందుకని ఇంట్లో ఎవరైనా అడిగితే పత్తి ఎలుక సంగతి చెప్పండి. అది కూడా బాగానే ఉరికింది. ఇంకా వినకపోతే మూడోసారి మెట్రిక్ పాసైన భీమవరం అబ్బాయి కథ చెప్పండి. కథ అయ్యేసరికి గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టండి.